ఫిట్జ్‌రాయ్‌లో ఫ్రెంచ్ బేకరీ కెఫేకి మేమిద్దరమే వెళ్ళొచ్చా? మావారు గుడ్డు తినరు

అమ్మా, నమస్కారం.

మీ ప్రశ్న చదివే మిగతావాళ్ళకి కూడా తెలియాలని ముందు క్లుప్తంగా చెప్తాను. మీరూ మీవారూ మెల్‌బోర్న్‌లో, టార్నీట్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి మూడు నెలలకని వచ్చారు. పగలంతా అమ్మాయీ అల్లుడూ ఆఫీసుల్లో ఉంటారు. సిటీని ఆనుకుని ఉన్న ఫిట్జ్‌రాయ్‌లో ఫ్రెంచ్ తరహా బేకరీ కెఫేలు బాగుంటాయని విన్నారు, పిల్లల్ని ఇబ్బంది పెట్టకుండా మీ అంతట మీరే ఒకసారి వెళ్ళి కూర్చుని రావాలని ఉంది. మీకు గుడ్డు పట్టింపు లేదు, మీవారు మాత్రం ముట్టరు. ఏం తినాలి, ఎలా అడగాలి, అడిగితే ఏమైనా అనుకుంటారా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, తప్పకుండా వెళ్ళండి. బుధవారం నుంచి శుక్రవారం దాకా ఏదో ఒక రోజు, పొద్దున తొమ్మిదిన్నర, పదకొండు మధ్య వెళ్ళండి. మీరు మామూలు బటర్ క్రోసాంట్ (వెన్న పొరలతో మడిచి కాల్చేది) తీసుకోండి. మీవారికి బాగెట్ (కర్రలా పొడుగ్గా ఉండే రొట్టె) గానీ సావర్‌డో (పులియబెట్టిన పిండితో చేసే బ్రెడ్డు) టోస్ట్ గానీ వెన్న, జామ్‌తో చెప్పండి. తీపి కావాలంటే పామియే అనే చక్కెర పొరల పేస్ట్రీ ఉందేమో అడగండి. క్రోసాంట్ మాత్రం అడగకుండా ఆయనకి పెట్టకండి, దాని పైన కనిపించే మెరుపు గుడ్డుదే. ఇక ఏమైనా అనుకుంటారా అంటే, ఎవరూ ఏమీ అనుకోరు. మా కౌంటర్ దగ్గర రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే అది.

నేను తొమ్మిదేళ్ళుగా ఈ చుట్టుపక్కలే ఒక చిన్న ఫ్రెంచ్ బేకరీ కెఫేలో పేస్ట్రీ పని చేస్తున్నాను. మాది కాకినాడ. పక్కనే ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరు, చిన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అయినా క్రోసాంట్ అనేది మొదటిసారి నోట్లో పెట్టుకున్నది మెల్‌బోర్న్ వచ్చాకే. కొత్తగా వచ్చిన మనవాళ్ళకి ఆ అద్దాల అర ముందు నిలబడితే ఏమనిపిస్తుందో నాకు బాగా తెలుసు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు గుడ్డు సంగతి. మీ ప్రశ్నలో అసలు కష్టం అదే.

మన దగ్గర బేకరీలో "ఎగ్‌లెస్" అని బోర్డు ఉంటుంది, ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. ఇంకో ముఖ్యమైన తేడా, ఇక్కడ వెజిటేరియన్ అంటే మాంసం, చేపలు తిననివాళ్ళు అని మాత్రమే. గుడ్డు అందులో కలిసే ఉంటుంది. మీరు "వి ఆర్ వెజిటేరియన్" అంటే కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి నవ్వుతూ గుడ్డు వేసిన కూరగాయల టార్ట్ ఇస్తుంది. మోసం చేసే ఉద్దేశం ఏమీ ఉండదు, ఆ మాటకి ఇక్కడ ఉన్న అర్థం అది. అందుకని ఆ మాటతో మొదలుపెట్టకండి. గుడ్డు పేరే ఎత్తండి.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నేను పనిలో చేరిన రెండో ఏడు, ఒక పెద్దాయన, ఆయన భార్య మా కెఫేకి వచ్చారు. ఆవిడ చీరలో ఉన్నారు, మాట్లాడుకునేది తెలుగే. నేను లోపల ట్రేలు సర్దుతూ విన్నాను, చేతులు కడుక్కుని పలకరిద్దామని బయటికి వచ్చేసరికి ఆయన ఆల్మండ్ క్రోసాంట్ సగం తినేశారు. చాలా బాగుంది అన్నారు. మాటల్లో "ఇందులో గుడ్డు ఉండదు కదా బాబూ" అని అడిగారు. ఆల్మండ్ క్రోసాంట్ లోపల పెట్టే బాదం ముద్దలో గుడ్డు తప్పకుండా ఉంటుంది. అబద్ధం చెప్పలేను కదా. ఉంటుందండీ అన్నాను. ఆయన చేతిలో ముక్కని మెల్లగా ప్లేటులో పెట్టి, టిష్యూతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుని, "తెలియక తిన్నది, ఏం ఫరవాలేదులే" అన్నారు. నాకు ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. మర్నాడే మా ఓనర్‌తో మాట్లాడి, గుడ్డు లేనివాటి పేర్లు ఒక చిన్న అట్ట మీద రాసి కౌంటర్ దగ్గర పెట్టాం. ఇప్పటికీ ఉంది. అన్ని చోట్లా ఉండదు కాబట్టి, మీరు వెళ్ళేముందు ఇది చదువుకుని వెళ్ళండి.

క్రోసాంట్: పిండిలో మైదా, పాలు లేదా నీళ్ళు, చక్కెర, ఉప్పు, ఈస్ట్, వెన్న ఉంటాయి. చాలా చోట్ల పిండిలో గుడ్డు వెయ్యరు. కానీ ఓవెన్‌లో పెట్టేముందు గిలక్కొట్టిన గుడ్డు బ్రష్‌తో పైన పూస్తారు. ఆ బంగారు రంగు, ఆ నిగనిగ దానివల్లే. చాక్లెట్ కడ్డీలు పెట్టి చుట్టే పాన్ ఓ షొకొలా కూడా ఇంతే. కాబట్టి పిండి ఒక్కదాని గురించి అడిగితే సరిపోదు, పైన పూత గురించి కూడా అడగాలి. "ఎనీ ఎగ్ ఇన్ దిస్? ఎగ్ వాష్ ఆన్ టాప్?" అనండి. "ఎగ్ వాష్" అన్న మాట మీ నోటి నుంచి వస్తే చాలు, ఎదుటివాళ్ళు వెంటనే కిచెన్‌లోకి వెళ్ళి కనుక్కుని వస్తారు.

గుడ్డు ఖాయంగా ఉండేవి: ఆల్మండ్ క్రోసాంట్, ఎండుద్రాక్షలు పెట్టి చక్రంలా చుట్టింది (దాంట్లో కస్టర్డ్ పూస్తారు), బ్రియోష్, ఎక్లేర్, మాకరాన్, మడెలీన్, కీష్, ఫ్రూట్ టార్ట్. బ్రియోష్ దగ్గర జాగ్రత్త, చూడ్డానికి మన తీపి బన్నులా అమాయకంగా ఉంటుంది గానీ గుడ్లు బాగా పట్టే పిండి అది. కనెలే అని నల్లగా చిన్న గిన్నె బోర్లించినట్టు ఉండేదాంట్లో గుడ్డు సొనతో పాటు రమ్ము కూడా పోస్తారు.

సాధారణంగా గుడ్డు లేనివి: బాగెట్, సావర్‌డో, పామియే, క్వీన్ అమాన్. పామియే అంటే పొరల పిండిని చక్కెరలో దొర్లించి రెండు వైపుల నుంచీ లోపలికి చుట్టి కోసింది, సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుంది. క్వీన్ అమాన్ ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతం వంటకం. బ్రెడ్డు పిండి, వెన్న, చక్కెర, అంతే. కింద పాకం గట్టిపడి పళ్ళకి కరకరలాడుతుంది. ఈ రెండింటికీ మెరుపు చక్కెర వల్లే వస్తుంది, గుడ్డు పూతతో పని లేదు. అయినా ఒక్కో వంటవాడి చెయ్యి ఒక్కో రకం కాబట్టి ఒక్క మాట అడిగే తీసుకోండి.

అడగడం మీ హక్కు కూడా. ఆస్ట్రేలియా ఆహార నిబంధనల ప్రకారం గుడ్డు అలర్జీ కారకాల జాబితాలో ఉంది. ప్యాక్ చెయ్యకుండా అమ్మే తినుబండారాల్లో అది ఉందో లేదో పక్కన రాసైనా పెట్టాలి, అడిగితే చెప్పనైనా చెప్పాలి. అందుకే చాలా కెఫేల్లో కౌంటర్ వెనక ఒక ఫైలో, గోడకి అంటించిన పట్టికో ఉంటుంది. ఊహించి కాకుండా, అది చూసి చెప్పమనండి.

అయితే ఆ పట్టిక మనకి చెప్పనివి మూడు ఉన్నాయి. జెలటిన్, చీజ్‌లో వాడే రెనెట్, మద్యం. ఇవి ఆ జాబితాలో రావు. మూస్ కేకులు, పైన అద్దంలా మెరిసే గ్లేజ్ ఉన్న కేకులు సాధారణంగా జెలటిన్‌తో గట్టిపడతాయి. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. నా కజిన్‌కి సిటీలో ఒక చోట "గుడ్డు లేదు, వెజిటేరియనే" అని చెప్పి మ్యాంగో మూస్ ఇచ్చారు. చెంచా వెయ్యగానే అది ఊగిన తీరు చూసి నాకు అనుమానం వచ్చి అడిగితే, అవును జెలటిన్ ఉంది అన్నారు. గుడ్డు లేదన్నది నిజమే. ఇక చీజ్ విషయానికొస్తే గ్రుయేర్, పార్మెజాన్ లాంటి సంప్రదాయ రకాల్లో పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు. మీవారి పట్టింపు ఎంతవరకో మీకే తెలుసు, ఆ మేరకు చూసుకోండి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం టెన్షన్ అనిపిస్తే ఒక తేలిక దారి చెప్తాను. "డు యూ హావ్ ఎనీథింగ్ వీగన్?" అని అడగండి. వీగన్ అని చెప్పి అమ్మేదాంట్లో గుడ్డు, పాలు, జెలటిన్, రెనెట్ ఏవీ వెయ్యరు. ఫిట్జ్‌రాయ్‌లో వీగన్ తినేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఏదో ఒకటి దొరుకుతుంది. వెన్న లేకపోవడం వల్ల రుచి ఒక మెట్టు తగ్గుతుంది, అది నిజం. కానీ ఆయన అనుమానం లేకుండా హాయిగా తింటారు. మరీ నిష్ఠగా ఉండేవారైతే ఇంకొకటి కూడా చెప్పాలి. ఓవెన్ ఒకటే, ట్రేలూ పట్టకార్లూ అన్నిటికీ అవే. మా దగ్గరా అంతే. అది మనసుకి ఒప్పకపోతే ఆయనకి ఆ రోజు కాఫీతో సరిపెట్టడమే మంచిది.

ఇప్పుడు మీ క్రోసాంట్ దగ్గరికి వద్దాం. మీరు రాశారు, ఫోటోల్లో పిస్తా క్రీములూ స్ట్రాబెర్రీలూ పెట్టినవి కనిపిస్తున్నాయి, ఏది తీసుకోవాలి అని. మొదటిసారి ఏమీ పెట్టని మామూలు క్రోసాంట్ తీసుకోండి. క్రీము ఎక్కువైతే పిండిలో తప్పులు దాగిపోతాయి. మామూలు క్రోసాంట్‌లో ఏదీ దాగదు.

దాని వెనక పని మీకు ఒక పోలికతో చెప్తాను. మన తాపేశ్వరం మడత కాజా గుర్తుందా? పిండిని పలచగా పరిచి, నెయ్యీ పిండీ రాసి, మడిచి చుట్టి వత్తుతారు. అందుకే నూనెలో వేగినప్పుడు పొరలు విడివడతాయి. క్రోసాంట్ కూడా మడతల పనే. కాకపోతే మధ్యలో పెట్టేది చల్లటి వెన్న పలక. మొదటి రోజు పిండి కలిపి ఫ్రిజ్‌లో పెడతాం. రెండో రోజు వెన్నని పుస్తకం అట్టలా పలచగా సాగదీసి, పిండి మధ్యలో పెట్టి మూసి, మెషీన్‌లో పలచగా చేసి మూడు మడతలు వేస్తాం. అలా మూడు సార్లు. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు, అన్ని పొరల వెన్న అందులో ఉంటుంది. ప్రతి మడతకీ మధ్య పిండికి ఫ్రిజ్‌లో విశ్రాంతి ఇవ్వాలి. ఆ తర్వాత కోసి చుడతాం. మూడో రోజు తెల్లవారుజామున అది పొంగాలి, ఇరవై ఆరు ఇరవై ఏడు డిగ్రీల వేడిలో. అంతకంటే వేడెక్కితే వెన్న కరిగి పిండిలో ఇంకిపోతుంది, పొరలు అతుక్కుని బన్నులా అయిపోతుంది. ఫిబ్రవరిలో బయట నలభై డిగ్రీలు ఉన్న రోజుల్లో మేం రాత్రి రెండింటికే పని మొదలుపెడతాం, ఎండెక్కేలోపు మడతలు అయిపోవాలని.

మీ ప్లేటులోకి వచ్చాక ఇలా చూడండి. ముందు చేతిలోకి తీసుకోండి, కనిపించేంత బరువు ఉండకూడదు. రంగు లేత పసుపు కాదు, బాగా కాల్చిన వేరుశనగ గుళ్ళ రంగు రావాలి. మనవాళ్ళు కొందరు మాడిందేమో అని లేతది ఇమ్మంటారు, అలా అడగకండి. రుచి ఆ రంగులోనే ఉంది. చాకుతో కొయ్యకండి, పొరలు నలిగిపోతాయి. రెండు చేతులతో కొనలు పట్టుకుని విరవండి. అప్పడం విరిగినట్టు సన్నగా చప్పుడవుతుంది, పొరలు రాలి ప్లేటు నిండా పడతాయి. లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉండి, వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేవాలి. విరిచిన వెంటనే వచ్చే వెన్న వాసన కాచిన నెయ్యికి కాస్త దగ్గరగా ఉంటుంది. ఒడిలో ఒక టిష్యూ పరుచుకోండి, పట్టుచీరైతే మరీ.

మన ఊరి బేకరీ పఫ్ తిన్నవాళ్ళకి ఇంకో తేడా కూడా తెలుస్తుంది. పఫ్ తిన్నాక అంగిలికి ఒక మైనపు పొర అంటుకున్నట్టు ఉంటుంది కదా, అది డాల్డా, మార్జరిన్ వల్ల. అవి నోటి వేడికి పూర్తిగా కరగవు. వెన్న కరిగిపోతుంది. తిన్న తర్వాత నోరు శుభ్రంగా ఉంటే అది వెన్నతో చేసిన క్రోసాంట్ అనే లెక్క. ఫ్రాన్స్‌లో కూడా రెండు రకాలూ అమ్ముతారు, అందుకే అక్కడ "క్రోసాంట్ ఓ బేర్" అని, అంటే వెన్నదని, ప్రత్యేకంగా రాస్తారు.

ఏ షాపు అని కూడా అడిగారు. ఫిట్జ్‌రాయ్ పేరు చెప్పగానే అందరూ చెప్పేది రోజ్ స్ట్రీట్‌లో ఉన్న లూన్. దాన్ని మొదలుపెట్టిన కేట్ రీడ్ అంతకుముందు ఫార్ములా వన్ కార్లకి ఏరోడైనమిక్స్ ఇంజినీర్. 2012లో ఎల్‌వుడ్‌లో చిన్నగా మొదలై, 2015లో ఫిట్జ్‌రాయ్‌లో పాత గోడౌన్‌లోకి మారింది. మధ్యలో అద్దాల గది, అందులో వాళ్ళు పిండి మడవడం బయటి నుంచి చూడొచ్చు. నేను అక్కడ పని చెయ్యలేదు, కానీ ఈ పనిలో ఉన్నవాడిగా ఆ చేతిపని అంటే నాకు ఎంతో గౌరవం. మీవారికి ఇలాంటివి చూడటం ఇష్టమైతే తీసుకెళ్ళండి. అయితే అది క్రోసాంట్ల షాపు. వారాంతాల్లో క్యూ పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా కూర్చుని బ్రెడ్డూ టోస్టూ తినే చోటు కాదు. మీ ఇద్దరి అవసరాన్ని బట్టి చూస్తే గెర్ట్రూడ్ స్ట్రీట్, బ్రన్స్‌విక్ స్ట్రీట్, స్మిత్ స్ట్రీట్ చుట్టుపక్కల బ్రెడ్డు కూడా తామే కాల్చుకునే చిన్న కెఫే ఏదైనా మంచిదని నా అభిప్రాయం. కొన్ని షాపులు సోమ, మంగళవారాలు మూసి ఉంటాయి, బయల్దేరేముందు ఫోన్లో వేళలు చూసుకోండి.

వెళ్ళడం కష్టం కాదు. టార్నీట్‌లో రైలెక్కితే సదరన్ క్రాస్‌లో దిగుతారు. అక్కడ కాలిన్స్ స్ట్రీట్‌లో 11 నంబరు ట్రామ్ ఎక్కితే బ్రన్స్‌విక్ స్ట్రీట్ మీదుగా పోతుంది. బర్క్ స్ట్రీట్‌లో 86 ఎక్కితే గెర్ట్రూడ్, స్మిత్ స్ట్రీట్‌ల మీదుగా పోతుంది. సిటీలో ట్రామ్ ఉచితం గానీ ఫిట్జ్‌రాయ్ ఆ ఉచిత జోన్‌లో లేదు, ట్రామ్ ఎక్కగానే మైకీ కార్డు (ఇక్కడి రైళ్ళకీ ట్రామ్‌లకీ వాడే టికెట్ కార్డు) తాకించండి. తొమ్మిదిన్నర తర్వాత రమ్మన్నది రద్దీ వల్ల. అంతకంటే ముందే చేరాలంటే ఆఫీసు రద్దీలో ఆ రైల్లో నిలబడటానికే చోటుండదు. పదకొండు దాటితే మంచివి అయిపోతూ ఉంటాయి. వంటగది రెండు, రెండున్నరకల్లా కట్టేస్తారు, షాపు మూడు నాలుగింటికి మూసేస్తారు. సాయంత్రం టిఫిన్ వేళకి వెళ్దాం అనుకుంటే తలుపులు మూసి ఉంటాయి.

లోపలికి అడుగు పెట్టగానే తలుపు దగ్గర "ప్లీజ్ వెయిట్ టు బి సీటెడ్" అన్న బోర్డు ఉందేమో చూడండి. ఉంటే ఆగండి, వచ్చి కూర్చోబెడతారు. లేకపోతే నేరుగా కౌంటర్‌కి వెళ్ళి చెప్పి, డబ్బులు కట్టి, ఇచ్చిన నంబరు పట్టుకుని ఖాళీ బల్ల దగ్గర కూర్చోవడమే. "హావింగ్ హియర్ ఆర్ టేక్‌అవే?" అని గబగబా అడుగుతారు, మొదటిసారి వినేవాళ్ళకి ఒకే మాటలా వినిపిస్తుంది. "హావింగ్ హియర్" అనండి. కాఫీకి పేరు అడిగితే కంగారు పడకండి, తయారయ్యాక పిలవడానికే. వెనక క్యూ ఉందని తొందరపడి గుడ్డు ప్రశ్న మానెయ్యొద్దు. కౌంటర్ ఇవతల మేం ఉన్నదే దానికి.

కాఫీ గురించి రెండు మాటలు. మన ఫిల్టర్ కాఫీకి దగ్గరగా ఉండేది ఫ్లాట్ వైట్. చక్కెర వెయ్యరు, బల్ల మీదో కౌంటర్ పక్కనో ఉంటుంది. "ఎక్స్‌ట్రా హాట్" అని చెప్పండి. ఇక్కడ పాలు అరవై, అరవై అయిదు డిగ్రీల దగ్గర ఆపేస్తారు, అంతకు మించితే పాల తీపి పోతుందని. పొగలు కక్కే కాఫీ అలవాటైన మనవాళ్ళకి అది చల్లారిన కాఫీలా ఉంటుంది. మా నాన్న వచ్చినప్పుడు మొదటి గుక్క తాగి కప్పు కింద పెట్టేశారు, మర్యాదకి ఏమీ అనలేదు. నాకు అర్థమై మళ్ళీ వేడిగా చేయించాను. స్ట్రాంగ్‌గా కావాలంటే "స్ట్రాంగ్" అనండి, ఇంకో షాట్ వేస్తారు, కాస్త ఎక్కువ తీసుకుంటారు. "చాయ్ లాటే" జోలికి పోకండి. చాలా చోట్ల అది తియ్యటి పొడి కలిపిన పాలు, మన టీ ఆశించి తాగితే నిరాశ పడతారు.

ఖర్చు ఇప్పటి ధరల్లో మామూలు క్రోసాంట్‌కి ఏడెనిమిది డాలర్లు, కాఫీకి అయిదారు. ఇద్దరికీ కలిపి పాతిక ముప్ఫైలో అయిపోతుంది. ఆదివారాలు చాలా చోట్ల పది శాతం, ప్రభుత్వ సెలవు రోజుల్లో పదిహేను శాతం దాకా అదనంగా వేస్తారు. టిప్పు ఇవ్వక్కర్లేదు. మంచినీళ్ళు ఉచితం, ఒక మూల సీసాలూ గ్లాసులూ పెట్టి ఉంటాయి, తెచ్చుకోవడమే. చిన్న బేకరీల్లో టాయిలెట్ ఉండకపోవచ్చు, అది ముందే చూసుకుని బయల్దేరండి.

మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే అనుకుంటే కొంచెం జాగ్రత్త. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ పేరు చూసి ఉల్లిపాయల సూపే కదా అనుకుంటారు. సంప్రదాయంగా దాన్ని ఎద్దు మాంసం ఎముకల రసంతో చేస్తారు. అడగకుండా అసలు తీసుకోవద్దు. క్రోక్ మొస్యూ అనే సాండ్‌విచ్‌లో పంది మాంసం ఉంటుంది. టార్టీన్ అని, కాల్చిన బ్రెడ్డు ముక్క మీద పుట్టగొడుగులో టమాటాలో పెట్టి ఇస్తారు, అది మీ ఇద్దరికీ బాగుంటుంది. చీజ్ వద్దంటే తీసేస్తారు.

బల్ల దొరక్కపోయినా ఏమీ ఫరవాలేదు. కొనుక్కున్నవి కాగితం సంచిలో పెట్టించుకుని కార్ల్‌టన్ గార్డెన్స్‌కి నడవండి, గెర్ట్రూడ్ స్ట్రీట్ చివర నుంచి రోడ్డు దాటితే అదే. పెద్ద చెట్లు, బెంచీలు, ఎదురుగా రాయల్ ఎగ్జిబిషన్ బిల్డింగ్ గుమ్మటం. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిన చోటు. మా అమ్మానాన్నలకి కెఫే లోపలి కంటే ఆ బెంచీ మీద తినడమే నచ్చింది.

వచ్చేటప్పుడు ఒక బాగెట్ ఇంటికి తీసుకెళ్ళండి. మైదా, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్, ఇంకేమీ ఉండని రొట్టె. ఫ్రాన్స్‌లో 1993లో వచ్చిన ఒక ప్రభుత్వ ఉత్తర్వు, "ట్రడిషన్" పేరుతో అమ్మే రొట్టెలో ఏం ఉండాలో కట్టడి చేసింది. 2022లో ఆ బాగెట్ చేతిపనిని యునెస్కో గుర్తించింది కూడా. కాబట్టి మీవారికి ఆ షాపులో తక్కువ రకాలు దొరికాయని చిన్నబుచ్చుకోకండి, ఫ్రెంచివాళ్ళు అన్నిటికంటే ఎక్కువ పట్టించుకునే వంట ఆయన వంతుకే వచ్చింది. కాగితంలోనే ఉంచండి, ప్లాస్టిక్ సంచిలో పెడితే పెచ్చు మెత్తబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయట కంటే అక్కడే తొందరగా గట్టిపడుతుంది. సాయంత్రం తినేముందు పైన కాసిన్ని నీళ్ళు చిలకరించి, ఓవెన్‌లో నూట ఎనభై డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు పెట్టండి. మిగిలిన క్రోసాంట్‌ని కూడా ఓవెన్‌లోనే నూట అరవై దగ్గర వేడి చెయ్యండి, నీళ్ళు చల్లకుండా. మైక్రోవేవ్ మాత్రం వద్దు, తోలులా సాగుతుంది.

మా నాన్న ఆ వేడి బాగెట్ ముక్కని నిలువుగా చీల్చి, అమ్మ నూరిన ఉల్లికారం రాసి, పైన వెన్న పెట్టుకుని తిన్నారు. తర్వాత వారం నేను పని నుంచి రాగానే ఆయన అడిగింది అదొక్కటే, రొట్టె తెచ్చావా అని.

మీరు ఏ రోజు వెళ్తున్నారో, ఏ షాపు అనుకుంటున్నారో ఇక్కడే రాయండమ్మా. వాళ్ళ మెనూ చూసి, మీవారి కోసం ఏవి అడగాలో పేర్లతో సహా రాసి పెడతాను. ఫోన్లో చూపిస్తే సరిపోతుంది.